తొమ్మిదేళ్లు ఆగిన కబురు

కోక్-జర్‌లో చావు కబురు చెప్పడం ఒక విద్య. దారిన పోతూ కిటికీలోంచి తల దూర్చి "మీ నాన్న పోయాడట" అని చెప్పేసి పోయే ఊరు కాదది. పెద్దలు ఆరేడుగురు కూడబలుక్కుని వెళ్తారు. మనిషిని మధ్యలో కూర్చోబెడతారు. కరిగే మంచు గురించీ, ముసలి గుర్రాల గురించీ, పుట్టినదల్లా గిట్టక తప్పదన్న సంగతి గురించీ నాలుగు మాటలు చెప్పి, వినేవాడి గుండె కాస్త గట్టిపడ్డాక అసలు మాట చెబుతారు. కూలబడితే పట్టుకోవడానికి ఇద్దరుంటారు. ముఖం కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పట్టుకుని ఒకరుంటారు. ఈ విద్యలో అసనాలీని మించినవాడు ఆ లోయలోనే లేడు. అందుకే డెబ్భై ఎనిమిదేళ్ల ఆ పెద్దాయన ఉత్తినే టీ తాగుదామని ఎవరి తలుపు తట్టినా ఆ ఇంటి ఇల్లాలి గుండె ఝల్లుమనేది.

ఇంత విద్య ఉన్న ఊరు ఒక ఆరేళ్ల పిల్లకి మాత్రం పచ్చి అబద్ధం చెప్పింది.

ఆ పిల్ల సయ్కల్. గుల్సున్‌కి తొలిచూలు. ఆ వైపు తొలి బిడ్డ తాతా నాయనమ్మలది. కన్నవాళ్లకి కనడం వరకే. నలభయ్యో రోజున గుల్సున్ బిడ్డని తీసుకెళ్లి అత్తగారి ఒళ్లో పెట్టి వచ్చింది. మామగారు అప్పటికే లేరు. పిల్లకి మాటలొచ్చాక నాయనమ్మని "అమ్మా" అంది. కన్నతండ్రి కుబాన్‌ని "అన్నా" అంది. గుల్సున్‌ని "వదినా" అంది. ఊరంతా అలాగే పెరిగింది కాబట్టి ఎవరికీ వింతగా లేదు. గుల్సున్‌కి మాత్రం మొదట్లో ఆ పిలుపు ముల్లులా గుచ్చుకునేది. తర్వాత అలవాటైంది. ముల్లు పోలేదు, కాలే మొద్దుబారింది.

సయ్కల్‌కి ఆరేళ్లున్నప్పుడు, ఒక జూన్ నెలలో, గుల్సున్ పిల్ల కోసం ఎర్ర సైకిలు కొని, వారం రోజులు తమ ఇంటికి రమ్మంది. ఊరికి ఆ చివర నాయనమ్మ ఇల్లు, ఈ చివర వీళ్లది. నాలుగో రోజు పొద్దున్నే అత్తగారు పాలు పితుకుతూ పితుకుతూ పక్కకి ఒరిగిపోయింది. మళ్లీ లేవలేదు.

అసనాలీ ఆమె మరిది. ఇంటి పెద్దగా ఆయనే నిర్ణయించాడు. "పసిది తట్టుకోలేదు. జైలూకి వెళ్లిందని చెప్పండి. పిల్లలు, మరిచిపోతారు." జైలూ అంటే ఎండాకాలం మందల్ని తోలుకుపోయే కొండ మీది పచ్చిక. పిల్లని నలభై రోజులు గుల్సున్ పుట్టింటికి పంపేశారు. తిరిగొచ్చేసరికి ఏడుపులు అయిపోయాయి, చావింటి ముందు వేసిన గుడారం విప్పేశారు.

"అమ్మ ఎప్పుడొస్తుంది?"

"మందలు దిగినప్పుడు."

సెప్టెంబరులో మందలు దిగాయి. సయ్కల్ రోడ్డు పక్కన రాయి మీద పదకొండు రోజులు కూర్చుంది. ఎదురొచ్చే ప్రతి లారీనీ, ప్రతి గుర్రాన్నీ చూసింది. పన్నెండో రోజు వెళ్లలేదు. అప్పటినుంచి అడగనూ లేదు. చూశారా, మరిచిపోయింది అని పెద్దలు తృప్తిగా తలలూపారు. నన్నడిగితే ఆ తలలన్నిటికీ తలా ఒక మొట్టికాయ వేయాల్సింది. కానీ అప్పుడు అడిగినవాళ్లు లేరు.

తర్వాత సయ్కల్ బంగారంలాంటి పిల్లగా పెరిగింది. ఎదురు మాట్లాడదు, క్లాసులో మొదటిది, తమ్ముళ్లని చూసుకుంటుంది. ప్రతి సెప్టెంబరులో నాలుగు రోజులు జ్వరం వచ్చేది. చలిగాలి అనుకునేవారు. పదిహేనో ఏట, ఈ సెప్టెంబరులో, మొదటి మంద ఊళ్లోకి దిగిన రోజున బడికి బయల్దేరిన పిల్ల గేటు దగ్గర ఆగిపోయింది. ఊపిరి ఆడలేదు. చేతులు కొయ్యబారిపోయాయి. అక్కడే పడిపోయింది. ఆ రోజు మొదలు గేటు దాటలేదు.

ఒక నెల అయింది. రెండు నెలలయ్యాయి. ఫోను చూసి చూసి ఇలా అయిందని పక్కింటివాళ్లన్నారు, ఫోను లాగేసుకున్నారు. దిష్టి పోవాలని జునిపర్ కొమ్మల పొగ వేశారు. ముల్లా తాయెత్తు కట్టాడు. కుబాన్ ఒకసారి కోపం పట్టలేక పిల్లని భుజానేసుకుని గేటు బయటికి మోశాడు. అది తెల్లగా సున్నంలా అయిపోతే భయపడి మళ్లీ లోపలికి తెచ్చి తనే ఏడ్చాడు. శీతాకాలం సెలవుల్లోపు రాకపోతే ఏడాది పోయినట్టేనని బడినుంచి కబురొచ్చింది. ఏడాది సంగతి సరే. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ సయ్కల్ మామూలు గొంతుతో అంది:

"వదినా, ఊపిరి తీసుకోవడం కూడా ఒక పనిలాగే ఉంది. మానేయొచ్చా?"

గుల్సున్ మర్నాడే మొదటి మినీబస్సెక్కి నరీన్ పట్నం పోయింది.

డాక్టరు నుర్జాదా గుల్సున్ కంటే పదేళ్లు చిన్నది. ఈ పిల్లకేం తెలుస్తుందిలే అనుకుంటూనే గుల్సున్ అంతా చెప్పింది. ఆమె విని, కాగితం మీద ఏమీ రాయకుండా అడిగింది:

"చిన్నప్పుడు ఏమైనా జరిగిందా?"

"ఏం జరుగుతుందమ్మా? రాణీలా పెరిగింది. వాళ్ల నాయనమ్మ కింద పెడితే చీమలు కుడతాయి, పైన పెడితే కాకులెత్తుకుపోతాయి అన్నట్టు పెంచింది."

"ఆవిడిప్పుడెక్కడున్నారు?"

"పోయారు. పిల్లకి ఆరేళ్లప్పుడు."

"ఆ మాట పిల్లకి ఎవరు చెప్పారు?"

గుల్సున్ ఒక్కొక్కరినే తలుచుకుంది. కుబాన్ చెప్పలేదు. చినమావగారు చెప్పలేదు. తను చెప్పలేదు. మూడో క్లాసులో పిల్లలంతా పండక్కి గోరీల దగ్గరికి వెళ్లినప్పుడు రాయి మీద పేరు చదివి ఉంటుంది. ఇంటికొచ్చి మాటెత్తలేదు, వీళ్లూ ఎత్తలేదు.

"ఎవరూ చెప్పలేదు," అంది. "మరిచిపోయిందనుకున్నాం."

"పిల్లలు మరిచిపోరమ్మా, అడగడం మానేస్తారు. పెద్దవాళ్లు కారణం చెప్పకపోతే వాళ్లే ఒకటి కల్పించుకుంటారు. చాలాసార్లు తప్పు తమదే అనుకుంటారు. అది లోపలే ఉండి ఉండి, సరిగ్గా ఈ వయసులో బయటపడుతుంది. మీ అమ్మాయి ఏం కల్పించుకుందో అడిగి చూడండి. ప్రతి గురువారం నేను ఫోనులో తనతో మాట్లాడతాను. ముందు మీరు అడగండి."

ఆ సాయంత్రం ఇద్దరూ నూడుల్స్ పిండి వత్తుతున్నారు. పిల్ల కళ్లలోకి చూసి అడిగే ధైర్యం లేక గుల్సున్ పిండిని చూస్తూ అడిగింది.

"సయ్కల్, మీ అమ్మ ఎందుకెళ్లిపోయిందనుకున్నావే, అప్పట్లో?"

అప్పడాల కర్ర ఆగింది.

"సైకిలు కోసం."

"సైకిలేంటి?"

"నేనిక్కడికొచ్చిన రోజు అమ్మ వద్దంది. సైకిలు రేపు తొక్కుదువుగాని, ఇవాళ నా దగ్గరుండవే అంది. నేను విన్లేదు. గేటు తీసుకుని పరిగెత్తా. నేను గేటు దాటాననే పోయింది." కర్ర మళ్లీ కదిలింది. "ఇప్పుడు దాటితే ఈసారి నువ్వో, అన్నో."

ఆ సైకిలు కొన్నది గుల్సున్. పిల్ల తన దగ్గర వారం ఉంటే చాలని, ఆ వారంలో ఒక్కసారైనా అమ్మా అంటుందేమోనని ఆశపడి కొన్నది. ఇన్నాళ్లూ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నదీ ఆమే. ఆ రోజు గుల్సున్‌కి తన మీద పట్టరానంత అసహ్యం వేసింది. ఆ అసహ్యమే మర్నాడు ఆమె కాళ్లకి బలమిచ్చి అసనాలీ గడపకి నడిపించింది.

కోడలు మెట్టినింటి పెద్దల పేరెత్తకూడదు, వాళ్లకి వీపు చూపకూడదు, వాళ్ల మాటకి మాట అడ్డం వేయకూడదు. గుల్సున్ పదిహేడేళ్లుగా ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించింది. అసనాలీ కళ్లెం తోలు కుట్టుకుంటున్నాడు. ఆయనకి టీ పోసి, తలుపు దగ్గరే నిలబడి, పిల్లకి పద్ధతిగా కబురు చెప్పాలని అడిగింది.

ఆయన సూది ఆపలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమా కోడలా? ఏడాది విందు పెట్టేశాం. నల్లబట్టలు విప్పేశాం. మూసిన చావుని తెరిస్తే ఇంటికి కొత్త చావొస్తుంది."

"తెరవకపోయినా వచ్చేట్టుంది, చినమావగారూ."

"పిల్లకి తెలుసుగా. రాయి మీద పేరు చదవలేదా ఏం?"

"తెలుసు. తెలియడం వేరు, నలుగురొచ్చి చెప్పడం వేరు. ఆ మాట చెప్పాల్సింది మీరే."

"కోడలివి, నా విద్య నాకే నేర్పుతావా?"

గుల్సున్ తలుపు దగ్గరి నుంచి కదల్లేదు.

"మా ఆయనకి అప్పుడు ముప్పై నాలుగేళ్లు. ఎద్దులాంటి మనిషి. ఆయన పట్నంలో పనిలో ఉంటే చెప్పడానికి మీరు ఏడుగురు వెళ్లారు. చెంబుతో నీళ్లు తీసుకెళ్లారు. కూలబడతాడేమోనని ఇద్దరు చంకల కింద చేతులేసి పట్టుకున్నారు. బాగా చేశారు. ఆరేళ్ల పిల్లని ఎవరు పట్టుకున్నారు, చినమావగారూ?"

అసనాలీ సూది ఆగింది. గిన్నెలో టీ చల్లారిపోయింది.

"టీ తీసుకుపో," అన్నాడు చివరికి. "చల్లగా అయిపోయింది."

అయిపోయిందనుకుంది గుల్సున్. పెద్దలు రాకపోతే మానె, చెంబు తనే పట్టుకుంటుంది, మాట తనే చెబుతుంది అని నిశ్చయించుకుని ఇంటికొచ్చింది.

శనివారం పొద్దున గేటు చప్పుడైంది. ఏడుగురు పెద్దలు తెల్ల ఉన్ని టోపీలు పెట్టుకుని, అంగీల మీద నడికట్లు బిగించి లోపలికొచ్చారు. ముందు అసనాలీ. వెనక నీళ్ల చెంబుతో సోనున్ అత్త. ఊళ్లో చావింటి పాటలు పాడటంలో ఆవిడదే పైచేయి.

వంటింటి కిటికీలోంచి వాళ్లని చూసి సయ్కల్ గోడకి అంటుకుపోయింది. "అన్నేడీ? వదినా, అన్నేడీ?"

"ఇక్కడే ఉన్నానే," అంటూ కుబాన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "నాకేం కాలేదు. ఎవరికీ ఏం కాలేదు. రా, కూర్చో."

మధ్యలో కూర్చోబెట్టారు. అసనాలీ గొంతు సవరించుకున్నాడు. "కొండ మీద మంచు కొండ మీదే ఉండిపోదు తల్లీ. ఎంత పందెపు గుర్రమైనా ఒకరోజు మోకాళ్ల మీద…" అని ఎత్తుకుని, అక్కడే ఆగిపోయాడు. నలభై ఏళ్లలో ఆయన మాట మధ్యలో ఆగడం ఎవరూ చూడలేదు. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ తడబడ్డాడు. ఆఖరికి అలంకారాలన్నీ పక్కన పడేసి పిల్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"సయ్కల్, మీ అమ్మ బాత్మా చచ్చిపోయింది."

"తెలుసు తాతా."

"నీకు తెలుసని నాకూ తెలుసు. అయినా చెప్పాలి. తొమ్మిదేళ్ల కిందట చెప్పాల్సింది. జైలూకి వెళ్లిందని అబద్ధమాడింది నేను. నువ్వు రాయి మీద కూర్చుంటే రోజూ అటుగా పోయింది నేను. పదకొండు రోజులూ చూసి తల తిప్పుకుపోయాను. పొద్దున పాలు పితుకుతుంటే గుండె ఆగింది. నొప్పి పడలేదు. గోరీ దాకా ఆవిడని నేనే మోశాను."

సయ్కల్ ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్లు మాత్రం పెద్దవయ్యాయి. సోనున్ అత్త చెంబు ముందుకి జరిపింది. పిల్ల దోసిలి పట్టింది, నీళ్లు పోశారు, ముఖానికి రాసుకోకుండా అలాగే పట్టుకుని కూర్చుంది.

"కబురు విన్నవాళ్లు ఇంట్లో కూర్చోరు," అన్నాడు అసనాలీ లేస్తూ. "పోయినవాళ్ల గడపకి ఏడుస్తూ వెళ్తారు. గుర్రం గేటు బయట కట్టాను."

"ఆడపిల్ల గుర్రమెక్కి ఏడుస్తూ వెళ్లడం ఎక్కడుంది బాబాయ్? అది మగవాళ్ల పద్ధతి కదా," అన్నాడు కుబాన్.

"ఇవాళ్టి నుంచి ఉంది. నువ్వు పక్కకి జరుగు."

సయ్కల్ గేటు వరకూ నడిచింది. అక్కడ ఆగిపోయింది. గుల్సున్ చూస్తూనే ఉంది, భుజాలు పైకి లేచాయి, వేళ్లు వంకర్లు పోతున్నాయి, ఊపిరి చిన్న చిన్న ముక్కలైపోతోంది. ఏడుగురు పెద్దలూ నేల చూస్తున్నారు. ఇక్కడ పిల్ల వెనక్కి తిరిగితే మళ్లీ ఎప్పటికీ రాదని గుల్సున్‌కి తెలుసు. తోయాలనిపించింది, ఎత్తుకోవాలనిపించింది. రెండూ చేయకుండా తనే గేటు దాటి, గుర్రం పక్కన నిలబడి, రికాబు పట్టుకుంది.

"వదినా, నేను దాటితే…"

"దాటితే ఎవరికీ ఏం కాదని నేను చెప్పను. ఆ అబద్ధాలు చాలు. మనుషులు పోతారు. నువ్వు దాటినా పోతారు, ఇంట్లో కూర్చున్నా పోతారు. మీ అమ్మ నీ వల్ల పోలేదు. నువ్వు ఆ రోజు దగ్గరున్నా పోయేది. సైకిలు కొన్నది నేను. నువ్వు ఆడుకోవడానికొచ్చావు, అంతే. ఆరేళ్ల పిల్లవి."

సయ్కల్ ఆ మాట విని ఆమె వైపు చూసింది. మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఒక కాలు బయట పెట్టింది. రెండోదీ పెట్టింది. గుల్సున్ చేతిలోని రికాబులో పాదం ఉంచి, నాయనమ్మ నేర్పినట్టే ఒక్క ఊపులో జీనెక్కింది.

మొదటి యాభై అడుగులూ ఏమీ వినిపించలేదు. గుర్రం డెక్కల చప్పుడే. తర్వాత ఆ గొంతు లేచింది. "ఓ నా తల్లీ, నా బంగారు తల్లీ" అని. అంత సన్నటి పిల్లలో అంత గొంతు ఎక్కడ దాగుందో తెలీదు. గుర్రం పరుగందుకుంది. గుల్సున్ వెనకే పరిగెత్తింది, తలగుడ్డ జారిపోతోంది, ఒక చెప్పు ఊడిపోయింది. కోడలు నడివీధిలో పరిగెత్తడమేంటని ఎవరూ అనలేదు. ట్రాక్టరు నడుపుతున్న కుర్రాడు ఇంజను ఆపి టోపీ తీశాడు. దుకాణం ఆవిడ కంగారుగా బయటికొచ్చింది.

"ఎవరు పోయారు? ఎవరు?"

"బాత్మా," అన్నాడు వెనకే వస్తున్న పెద్దల్లో ఒకాయన.

"అదేంటి, ఆవిడ పోయి తొమ్మిదేళ్లు కదా?"

"మాకు తెలీదా ఏంటి? నువ్వు ముందు ఏడు."

ఆవిడ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, దుకాణం తలుపు తెరిచి పెట్టే వెంట వచ్చేసింది.

నాయనమ్మ ఇంటి ముందు, గుమ్మానికి రెండు పక్కలా, ఊళ్లో మగవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు. కర్రల మీద వాలి, నడుం వంచి, సరిగ్గా చావు రోజున నిలబడినట్టే. అసనాలీ తెల్లారకముందే ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పాడట. పిల్ల గొంతు వినబడగానే వాళ్లంతా గొంతు కలిపారు. గుర్రం మీద వచ్చినవాళ్లు ఏడిస్తే గుమ్మంలో ఉన్నవాళ్లు బదులు ఏడవాలి, అది రుణం. సయ్కల్ గుర్రం దిగింది. అంతమంది తన కోసం ఏడుస్తుంటే చూసి, నడుస్తూనే లోపలికి వెళ్లింది.

లోపల ఆడవాళ్లు గోడ వైపు తిరిగి కూర్చున్నారు. సోనున్ అత్త అడ్డదారిన వచ్చి అప్పటికే పాట ఎత్తుకుంది. సయ్కల్ ఆవిడ పక్కన కూలబడి తన మాటలు తనే కట్టుకుంది:

"పాలు పితికే చేతులమ్మా, నన్ను పిలిచిన చేతులమ్మా,
పిలిస్తే నేను ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు,
మందలన్నీ దిగినాయమ్మా, దారంతా నే చూసినానమ్మా,
నేనేం చేశాను తల్లీ, ఆరేళ్లదాన్ని, ఆటకే కదా వెళ్లాను."

ఆఖరి ముక్క దగ్గర ఆగి, మళ్లీ అంది. ఆటకే కదా వెళ్లాను. మూడోసారి అన్నప్పుడు అది పాటలా లేదు, తనలో తను తేల్చుకున్న మాటలా ఉంది. గుమ్మంలో నిలబడ్డ గుల్సున్‌కి తొమ్మిదేళ్లుగా గుండె మీదున్న బండ దొర్లిపోయినట్టయింది. ఆమె కూడా గోడకి ముఖం పెట్టి హాయిగా, గట్టిగా ఏడ్చింది. గెలిచినవాళ్లు కూడా అలా ఏడుస్తారు.

గంట తర్వాత అందరి గొంతులూ బొంగురుపోయాక, సోనున్ అత్త ముక్కు తుడుచుకుని తీర్పు చెప్పింది. "ఇదుగో, అందరూ వినండి. నా చావుకి పాడాల్సింది ఈ పిల్లే. ఇంకెవరైనా నోరు తెరిచారో, లేచి కూర్చుంటా."

బాత్మా నిండు వయసులో పోయిందని అప్పట్లో ఆ చావు రోజున ఊరి ఆడవాళ్లకి తలా ఒక బట్టముక్క చించి పంచారు. దగ్గరుంచుకుంటే ఆవిడంత ఆయుష్షొస్తుందని. పంచినప్పుడు సయ్కల్ లేదు. ఆ సంగతి ఎవరో గుర్తు చేశారు. సోనున్ అత్త రొమ్ము దగ్గర దాచుకున్న తన ముక్క తీసింది, అటూ ఇటూ తిప్పి చూసింది, పళ్లతో పట్టి సగానికి చించింది.

"మొత్తం ఇవ్వనే. నేనింకా బతకాలి. సగం తీసుకో."

సయ్కల్ నవ్వింది. ముక్కు కారుతూ, కళ్లు వాచి, పకపకా నవ్వింది. తర్వాత రెండు గిన్నెల మాంసం పులుసు తాగి, నూనెలో వేయించిన బోర్సోకు రొట్టెలు తిని, ఇంకా ఉన్నాయా అని అడిగింది. రెండు నెలల్లో తనంతట తను అడిగి తినడం అదే.

ఒక్క రోజులో అన్నీ సర్దుకున్నాయని చెబితే నేనూ అసనాలీలా అబద్ధమాడినట్టే. గురువారాల్లో డాక్టరు ఫోను చేస్తూనే ఉంది. ఆ చలికాలంలో రెండుసార్లు బడి దగ్గర సయ్కల్‌కి మళ్లీ ఊపిరి ఆడలేదు. గోడకి ఆనుకుని నిలబడి, తేరుకుని, క్లాసుకి వెళ్లింది. గుల్సున్‌ని ఇప్పటికీ వదినా అనే పిలుస్తుంది. గుల్సున్‌కి ఇప్పుడా పిలుపులో లోటేమీ కనబడటం లేదు.

ఆ శనివారం తర్వాత వచ్చిన సోమవారం పొద్దున సంగతి మాత్రం చెప్పుకోవాలి. సంచీ తగిలించుకుని సయ్కల్ గేటు దాకా వచ్చింది. ఒక్క క్షణం ఆగింది. తలుపు తీసి బయటికి నడిచింది. పది అడుగులు వేశాక వెనక్కి తిరిగింది. కుబాన్, గుల్సున్, తమ్ముళ్లు అందరూ గేటు దగ్గర గుంపుగా నిలబడి ఉన్నారు. పక్క దొడ్డి గోడ మీంచి అసనాలీ టోపీ కనిపిస్తోంది.

"వదినా, నాలుగింటికి వస్తా. ఈలోపు ఎవరైనా చచ్చిపోతే బడికే కబురు పెట్టండి. దాచొద్దు."

"పెడతామే," అంది గుల్సున్.

గోడ వెనక నుంచి ముసలి గొంతు వినిపించింది. "నేనైతే నాలుగింటి దాకా ఆగుతాలే. నింపాదిగా రా."